ఖాతాకి కాపలా ఉన్న పేరు

సంచిలో అన్నిటికంటే ముందు ఉన్ని మేజోళ్ళు పెట్టింది బురుల్చా, నాలుగు జతలు, వాటి మీద ఎండిన పెరుగు ఉండల మూట, దాని పక్కన నూనెలో వేయించిన రొట్టెముక్కలు, వేడిమీద మూటకడితే చెమర్చి బూజు పడతాయని పొద్దుటినుంచీ గుడ్డ మీద ఆరబెట్టినవి, ఆ తర్వాత ఒక జత మేజోళ్ళు బయటికి తీసింది, మళ్ళీ పెట్టింది. వెళ్ళేది కోడలు, సర్దేది తను, ఎందుకంటే కుందుజ్ రెండు ఫోన్లూ ముందేసుకుని కిటికీ గట్టు మీద కూర్చుంది, ఇంట్లో అక్కడ ఒక్కచోటే సిగ్నల్ అందుతుంది. కారు నాలుగింటికి వస్తుంది. గోడ గడియారంలో మూడూ ఐదు. నాలుగులోపల పెద్ద ఫోనులో పచ్చ గుర్తు పడితే సంచి విప్పేస్తానంది కుందుజ్, పడకపోతే మాస్కో, గోదాములో సరుకు కట్టే పని, సోమవారం కల్లా చేరాలి. మేజోళ్ళు సర్దుతుంటే సంచి అడుగున చేతికి ఏదో పలచగా, చల్లగా తగిలింది, లాగి చూస్తే పువ్వుల వేసవి గౌను. అక్టోబరు నెలలో, మంచు కురిసే ఊరికి పోతూ. వసంతానికి వచ్చేస్తానన్న మనిషికి వేసవి గౌనుతో ఏం పని? మడత చెదరకుండా మళ్ళీ అడుగునే పెట్టి, మీద మేజోళ్ళు పరిచింది.

సంచులు సర్దడం బురుల్చాకి బాగా వచ్చు. డెబ్బై తొమ్మిదేళ్ళలో నేర్చుకున్న పనుల్లో ఉన్ని తడిపి తొక్కి తివాచీ చెయ్యడం ఒకటి, సంచి సర్దడం ఒకటి. భర్త షార్షెన్‌ని ఊపిరితిత్తుల ఆసుపత్రికి పంపినప్పుడు కళ్ళజోడు మరిచిపోయింది, ఆ కళ్ళజోడు ఇప్పటికీ అలమారలో ఉంది, ఆయన లేడు. కొడుకు మిక్తిబెక్‌కి సర్దినప్పుడు ఏమీ మరవలేదు, చెప్పులు, గ్లాసు, తువ్వాలు, ఫోను తీగ, అది ఆ పాడు జులై, ఊరంతా దగ్గుతున్న జులై, ఆసుపత్రి గుమ్మం దగ్గరే సంచి అందుకున్నారు, లోపలికి రానివ్వలేదు, పదకొండో రోజు అదే గుమ్మం దగ్గర అదే సంచి తిరిగి ఇచ్చారు, గ్లాసు ఒక్కటే తక్కువ. అప్పటినుంచి ఈ ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే. కుందుజ్‌కి ముప్పై ఒకటి. పిల్లల్లేరు. దినాలు అయిపోయాక పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకుపోతామన్నారు, ఆ పిల్ల కదల్లేదు, చేతిలో ఉన్ని దువ్వెన పట్టుకుని, "ఈ తివాచీ సగంలో ఉంది, అయ్యాక చూద్దాం" అంది. ఆ తివాచీ అయింది, ఇంకోటి మొదలైంది, మూడేళ్ళు గడిచాయి. భర్తా లేడు, బిడ్డా లేదు, ఏ తాడు పట్టుకుని వెనక్కి వస్తుంది ఈ పిల్ల, ఒకసారి గడప దాటితే? ఈ ప్రశ్న బురుల్చాని నెల రోజులుగా తింటోంది. టీ పోసేటప్పుడు తింటోంది, ఆవు పాలు పిండేటప్పుడు తింటోంది.

ఆన్‌లైన్ బజారులో దుకాణం తెరవడం కుందుజ్ ఆలోచనే. వెలుగు బాగున్నచోట తివాచీలు పరిచి ఫోటోలు తీసింది, ఎరుపు మీద నీలం, నీలం మీద ఎరుపు, జంటగా పుట్టేవి కదా అవి, రెండు రంగుల ఉన్ని పరుపుల్ని ఒకదాని మీద ఒకటి వేసి ఒకే కత్తిపోటుతో కొమ్ముల ముగ్గు కోస్తే, దీన్లోంచి తీసింది దాన్లో కూర్చుంటుంది, దాన్లోంచి తీసింది దీన్లో, పిసరంత కూడా వృథా పోదు. ఎనిమిది నెలల్లో ఐదు అమ్ముడుపోయాయి. ఐదూ కొన్నవాళ్ళ ఇళ్ళకి చేరాయి కూడా, ఎవరో ఒకావిడ తన పిల్లి దాని మీద పడుకున్న ఫోటో పంపింది. డబ్బు మాత్రం బజారువాళ్ళ దగ్గరే ఆగిపోయింది. రావాలంటే దుకాణానికి బ్యాంకు ఖాతా కలపాలి, దుకాణం ఎవరి పేరు మీద ఉందో ఖాతా కూడా వాళ్ళదే కావాలి. దుకాణం బురుల్చా పేరు మీద ఉంది. తొక్కినదీ కోసినదీ అత్తగారైతే గుమ్మం మీద కోడలి పేరు ఎలా ఉంటుంది, పెద్దవాళ్ళని వెనక పెట్టి చిన్నవాళ్ళు ముందు నడుస్తారా, అనుకుంది కుందుజ్, అలా పెంచారు దాన్ని. ఖాతా దగ్గర మాత్రం తనది పెట్టింది. బజారు తిప్పికొట్టింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తిప్పికొట్టింది. నెల పోయింది. ఇంటి వెనక బొగ్గు కొట్టు ఖాళీగా ఉంది, చలి మాత్రం కొండ మీద సగం దూరం దిగింది. మాస్కోలో ఉన్న మేనత్త కూతురు పని చూసింది, టికెట్టు కొన్నారు, నిన్న సాయంత్రం టీ తాగుతుండగా కుందుజ్‌కి తట్టింది, అత్తమ్మకి పింఛను పడే ఖాతా ఉంది కదా అని. దానికి ముడిపెట్టిన ఫోను నంబరు షార్షెన్‌ది, ఏడేళ్ళ కిందట ఆయనతోనే పోయింది. నారిన్ పట్నం వెళ్ళి బ్యాంకులో కూర్చుంటే ఒక పూట పని, కాని బస్సు పొద్దున ఏడింటికే పోయింది, అందులో చోటు లేదు, రేపటిదాకా ఆగితే టికెట్టు పోతుంది, అదీ పోయి ఇదీ కలవకపోతే? అందుకని ఫోను. బ్యాంకువాళ్ళతో ఫోనులో మాట్లాడి నంబరు మార్పించుకుంటే చాలు, మిగతాది క్షణంలో అయిపోతుంది, ఖాతా కలిసిందని పచ్చ గుర్తు పడుతుంది.

"ఎత్తారు, ఎత్తారు! ఇటు రండి అత్తమ్మా, తొందరగా. ఇక్కడే నిలబడండి, కదిలితే తెగిపోతుంది."

చిన్న ఫోను చెవికి పెట్టుకునే ముందు బురుల్చా తలగుడ్డ అంచుతో మూతి తుడుచుకుంది, అవతలి మనిషికి కనబడుతున్నట్టు. అవతల ఎవరో అమ్మాయి, పేరు బెగాయిమ్ అంది, పట్నం గొంతు, తేనెపూసినట్టు మెత్తగా ఉంది. "సలామ్ పెద్దమ్మా, చెప్పండి." పాస్‌పోర్టు అంకెలు అడిగింది, కుందుజ్ వేలు పెట్టి చూపిస్తుంటే బురుల్చా ఒక్కొక్కటే చదివింది, తప్పు పోలేదు, ఆ మాటకొస్తే అంకెలూ అక్షరాలూ ఆమెకి ఎవరూ సరిగా నేర్పలేదు, రెండో తరగతిలో బడి మాన్పించి గొర్రెల వెనక పంపారు, కొండ మీద కాపరి గదిలో గాలి రాకుండా గోడలకి పాత పేపర్లు అంటించి ఉండేవి, రెండు చలికాలాలు ఆ గోడల్ని చూస్తూ చూస్తూ తనే కూడబలుక్కుంది, కొన్ని పేపర్లు తలకిందులుగా అంటించారు, అందుకే ఇప్పటికీ పుస్తకం ఎటు తిప్పిచ్చినా చదవగలదు. పుట్టిన సంవత్సరం చెప్పింది. ఊరు చెప్పింది. "ఇంక ఆఖరిది పెద్దమ్మా. ఖాతా తెరిచినప్పుడు ఒక రహస్యమాట పెట్టుకుని ఉంటారు. అది చెప్పండి, నంబరు మార్చేస్తా."

ఆ మాట తెలుసు. పదకొండేళ్ళయినా మరవలేదు, మరిచే మాట కాదు. బ్యాంకులో గాజు కిటికీ వెనక పిల్లవాడు, మీ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియని మాట ఒకటి రాయండి తాతా అన్నప్పుడు షార్షెన్ బడిపిల్లాడిలా అరచెయ్యి అడ్డం పెట్టుకుని రాశాడు, రాసి ఆమెకి చూపించాడు, చూపించి ఆమె మొహం చూసి ఆగలేక నవ్వాడు. బస్సులో తిరిగొస్తూ కూడా దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఒసే, నిన్ను నూతిలో తలకిందులుగా వేలాడదీసినా ఈ మాట నీ నోట్లోంచి ఊడిపడదు. ఇంతకంటే గట్టి తాళం ఏ బ్యాంకులో ఉందే?" సిగ్గులేదా నీకు, అని ఆయన మోచెయ్యి మీద గట్టిగా చరిచింది, బస్సులో అందరూ చూశారు. ఆయన రాసింది తన తండ్రి పేరు. బురుల్చాకి మామగారు. కోడలిగా గడప లోపలికి వచ్చిన ఆడది అత్తింటి పెద్దల పేర్లు పలకదు, అది ఎవరూ చెప్పనక్కర్లేదు, పలికితే పళ్ళు రాలతాయని కాదు, పలకరంతే. పైగా మామగారి పేరు మొదట్లో ఉన్న ముక్క రోజూ చేత్తో పట్టుకునే వస్తువు, పొయ్యిలోకి కట్టెలు కొట్టేది, అందుకని ఆ వస్తువు పేరు కూడా అరవై ఏళ్ళుగా ఆమె నోట రాలేదు, దాన్ని 'నరికేది' అంటుంది. నరికేది ఎక్కడ పెట్టావు, నరికేది పదును పోయింది. చిన్నప్పుడు మిక్తిబెక్ దాని అసలు పేరు అదేననుకుని బడిలో బొమ్మ కింద అలాగే రాసి, అందరూ నవ్వితే ఏడుస్తూ ఇంటికొచ్చాడు.

"పెద్దమ్మా, వినబడుతోందా? రహస్యమాట."

"నరికేది," అంది బురుల్చా, మెల్లగా.

అవతల మీటలు నొక్కిన చప్పుడు. "కాదు పెద్దమ్మా. బాగా గుర్తు తెచ్చుకోండి. మొత్తం మూడుసార్లే. మూడోది కూడా తప్పయితే ఖాతా మూసుకుపోతుంది, నేనేం చెయ్యలేను, మీరే రావాలి."

కుందుజ్ కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. ఈసారి చెప్పేద్దామనే నోరు తెరిచింది బురుల్చా, నిజంగానే, మొదటి అక్షరానికి పెదవులు మూసి తెరవాలి, మూసింది కూడా, తెరిచేసరికి నాలుక తన అలవాటు దారి తను పట్టుకుపోయింది, ఎడ్లు చీకట్లో పాకకి పోయినట్టు. "మా పెద్దింటాయన" అని వినబడింది తన గొంతు.

"కాదు పెద్దమ్మా."

కుందుజ్ నుదురు కొట్టుకుంది. "అయ్యో అత్తమ్మా! కాగితం మీద రాసివ్వండి. నేను చదివేస్తా. నాకేం పర్లేదు, దేవుడు నన్నే శిక్షిస్తాడు, బండి ఎక్కే లోపల శిక్షించమనండి."

"పక్కనున్న అక్కా, అలా కుదరదు," అంది ఫోనులో అమ్మాయి, నవ్వు దాచుకుంటూ. "గొంతు రికార్డు అవుతోంది, ఖాతా ఎవరిదో వాళ్ళే పలకాలి." గొంతు తగ్గించింది. "పెద్దమ్మా, ఒకటి అడగనా? అది మనిషి పేరా?"

"అవును తల్లీ."

"మావగారిదా?"

బురుల్చా తలగుడ్డ అంచు మూతి మీదికి లాక్కుంది.

"మా నాయనమ్మా అంతే. మా ముత్తాత పేరు చెప్పమని ఆటపట్టిస్తే చీపురు తీసుకుని వెంటపడేది. ఉండండి, ఇంకే దారైనా ఉందేమో మా పైవాళ్ళని అడిగొస్తా. పెట్టెయ్యకండి పెద్దమ్మా, కొంచెం టైం పడుతుంది."

పాట మొదలైంది. మూడు తీగల వాయిద్యం మీద ఎవరో వాయించిన చిన్న ముక్క, గుర్రం నడకలా, అయిపోగానే మళ్ళీ మొదటికొస్తుంది. కిటికీ దగ్గర్నుంచి కదలడానికి లేదు. మోకాళ్ళు లాగుతున్నాయి, కుందుజ్ పీట తెచ్చి వెనక పెట్టింది, కూర్చుంటే సిగ్నల్ పోతుందేమోనని కూర్చోలేదు. మూడు ఇరవై. కిటికీ అవతల పెరడు, ఎండిన గడ్డి వామి, అవతల రోడ్డు, రోడ్డు మీద ఎవరిదో గాడిద. ఈ కిటికీయే. అత్తగారు కూడా ఇక్కడే నిలబడేది, ఇదే రోడ్డుని చూస్తూ, బురుల్చా పంతొమ్మిదేళ్ళ కోడలిగా వచ్చిన ఏడు మొదటి వారంలోనే గమనించింది, టీ ఇస్తే తాగుతూ చూసేది, ఉన్ని వడుకుతూ చూసేది. గూట్లో తెల్లగుడ్డలో చుట్టి రొట్టె ఒకటి వేలాడదీసి ఉండేది, రాయిలా ఎండిపోయి, ఒకవైపు నెలవంకలా కొరికిన గుర్తు, ఒక పన్ను కొంచెం పక్కకి తిరిగి ఉన్నట్టు గుర్తు కూడా తెలిసేది. యుద్ధానికి పోతూ మామగారు కొరికి ఇచ్చిన రొట్టె. వచ్చాక మిగతాది తింటాడు. అప్పటికి షార్షెన్ తల్లి కడుపులో ఐదు నెలలవాడు. తండ్రి ఎలా ఉండేవాడో షార్షెన్‌కి తెలిసినదల్లా ఆ పన్ను వంకరే, తన పన్ను అద్దంలో చూసుకుని సరిపోల్చుకునేవాడు. జాడ తెలియలేదు అని కాగితం వచ్చింది మరుసటేడు. చనిపోయాడని రాలేదు, జాడ తెలియలేదని వచ్చింది, అదే అత్తగారిని నలభై రెండేళ్ళు ఈ కిటికీ దగ్గర నిలబెట్టింది. పోయే ముందు ఆ రొట్టెని తన పక్కన పెట్టమంది, పెట్టారు, మట్టిలో.

ఆ ఇంట్లో ఆ పేరు పలికినవాళ్ళు లేరు. అత్తగారు భర్త పేరు పలకదు, షార్షెన్ తండ్రిని పేరు పెట్టి పిలవడు, బురుల్చా కోడలు. బయటివాళ్ళు పలికేవారు, గ్రామ కార్యాలయంలో, పండగనాడు రాతిస్తంభం దగ్గర మైకులో. ఆ స్తంభం మీద నూట నలభై పేర్లు చెక్కారు, పైనుంచి ఎనిమిదోది. కోడలిగా వచ్చిన కొత్తలో బురుల్చా ఎవరూ లేని వేళ పోయి ఆ వరుస ముందు నిలబడింది, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తడిమింది, చలికి రాయి వేలికి అంటుకుంది, లోపల చదివింది, పెదవి కదలకుండా. లోపల చదివితే తప్పా? ఎవరినడగాలో తెలియలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు అత్తగారి మొహం చూడలేకపోయింది. మాట బయటికి రానంతవరకు మనిషి ఎక్కడో దారిలో ఉన్నాడు, ఏ చెరసాలలోనో, ఏ వేరే దేశంలోనో, ఏ వేరే ఆడదాని ఇంట్లోనో, నడుస్తూ ఉన్నాడు, వస్తే మొదటిసారి ఆ పేరుతో పిలవాల్సింది ఆయన భార్య కూడా కాదు, ఆయన తల్లి. ఆ తల్లి కూడా పోయింది. ఇప్పుడాయనకి నూటపది దాటి ఉంటాయి. ఇదేం లెక్క? ఇంత వయసొచ్చి ఇంకా ఆయన్ని దారిలోనే నడిపిస్తున్నావా, అని తనని తనే తిట్టుకుంది బురుల్చా, పాట మళ్ళీ మొదటికొచ్చింది, గుర్రం మళ్ళీ అదే నడక పట్టింది. చెప్పేస్తే ఏమవుతుంది? కుందుజ్ ఉండిపోతుంది. ముప్పై ఒక్కేళ్ళ పిల్ల ఈ కిటికీ దగ్గర ఉండిపోతుంది, ఉన్ని తొక్కుతూ, ముసలిదాని మోకాళ్ళకి నూనె రాస్తూ. సంచి అడుగున పువ్వుల గౌను ఉంది. పేరు ఆగింది మామగారి మీద గౌరవానికేనా, అని ఒక ఆలోచన పాములా వచ్చి వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది, బురుల్చా దాన్ని పట్టుకోలేదు, ఛీ, నాకు ఈ పిల్ల కావాలి, ఈ చలికాలం ఒక్కదాన్నే ఉండలేను, అంది లోపల, అదే నిజం కూడా.

నాలుగు కాకముందే హారను మోగింది. కారు గేటు ముందు ఆగింది, వెనక సీట్లో ముగ్గురు, పైన సామాను. డ్రైవరు ఎసెన్ గడప దాకా వచ్చి తొంగిచూశాడు, టోపీ వెనక్కి నెట్టుకుని. "ఏం పెద్దమ్మా, కోడల్ని మర్యాదగా ఇస్తావా, పాతకాలంలోలాగ ఎత్తుకుపోనా?"

"నీ నడుముకి ఆ సత్తువ ఎక్కడిదిరా," అంది బురుల్చా, ఫోను చెవికి నొక్కుకునే. "పది నిమిషాలాగు."

"దోలోన్ కనుమ మీద మంచు పడుతోందంట. ఐదు. అదీ నీ మొహం చూసి."

కుందుజ్ అటు సంచీ ఎత్తలేదు, ఇటు కూర్చోలేదు, గది మధ్యలో నిలబడింది, పైకోటు వేసుకుని, గుండీలు పెట్టుకోకుండా. "అత్తమ్మా, ఏమన్నా అన్నారా?" పాట, అని చెయ్యి ఊపింది బురుల్చా. ఐదు నిమిషాలయ్యాయి, పదీ దాటాయి. కారులో ఒకడు విమానం మీ అత్తగారిదా అని అరిచాడు. ఇంకొకడు హారను మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. కుందుజ్ వచ్చి అత్తగారి చెంపకి చెంప ఆనించింది, ఫోను లేని వైపు. "నంబరు నా ఫోనుదే కదా పెట్టమన్నది. పచ్చ గుర్తు నాకే పడుతుంది. పడగానే దిగిపోతా అత్తమ్మా, ఎక్కడుంటే అక్కడ, నారిన్‌లోనైనా దిగిపోతా. ఒక్క మాట చెప్పండి చాలు. ఒక్క మాట." బల్ల మీది రొట్టె తీసుకుని, నవ్వబోయి, ఒక మూల కొరికింది. "ఇదిగో. కొరికాను. సరేనా?"

అలా చెయ్యకే, అనబోయింది బురుల్చా. మిగతా రొట్టె బల్ల మీద పెట్టి సంచి భుజాన వేసుకుని వెళ్ళింది పిల్ల. గేటుదాకా వెళ్ళి సాగనంపడానికి లేదు, కదిలితే ఫోను తెగిపోతుంది. ఎంతమందిని సాగనంపింది, ఎవరినీ కిటికీలోంచి సాగనంపలేదు. సంచి ముందు కాళ్ళ దగ్గర పెట్టుకుంది కుందుజ్, తలుపు రెండుసార్లు వేస్తేగాని పడలేదు, చెయ్యి ఊపింది, బురుల్చా ఊపుదామంటే ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో కిటికీ గడియ పట్టుకుని ఉంది, గడియ వదిలి ఊపేసరికి కారు గాడిదని తప్పించుకుని మలుపు తిరిగింది. నాలుగుంబావు.

పాట ఆగింది.

"పెద్దమ్మా? ఉన్నారా పాపం. అడిగాను. వేరే దారి లేదన్నారు. ఇంకొక్కసారి మిగిలింది."

"తల్లీ, వినేది నువ్వొక్కదానివేనా?"

"నేనూ, రికార్డు చేసే యంత్రమూ."

బురుల్చా వెనక్కి తిరిగి చూసింది. గది ఖాళీ. పొయ్యి, అలమార, అలమారలో కళ్ళజోడు, గోడ మీద మిక్తిబెక్ సైన్యపు ఫోటో, గూట్లో ఏమీ లేదు. ఇల్లంతా కలిపి తను ఒక్కతే ఉన్నప్పుడు ఎవరికి మర్యాద? ఇదే పదిహేను నిమిషాల కింద అనుకుని ఉంటే. పెదవులు మూసింది. రాయి చలి వేలికి తగిలింది, ఎనిమిదో వరుస.

"బల్తాబాయ్."

ఎంత గట్టిగా వచ్చిందంటే పెరట్లో కుక్క లేచి మొరిగింది. తనకే భయమేసి ఇంకోసారి అంది, మెల్లగా, "బల్తాబాయ్", ఈసారి మామూలు పేరులా ఉంది, పక్కింటి ముసలాయన్ని బల్తా, అదే గొడ్డలి, అప్పు అడగడానికి పిలిచినట్టు. ఇంతేనా? అరవై ఏళ్ళు నాలుక కింద దాచింది ఇంతేనా? పీట లాక్కుని కూర్చుంది, సిగ్నల్ మాత్రం తెగలేదు, కూర్చున్నా అందుతుందని అప్పుడు తెలిసింది.

"సరిపోయింది పెద్దమ్మా! సరిపోయింది. కొత్త నంబరు ఎక్కించాను. అంకెలు ఆ ఫోనుకి వెళ్తాయి, అవి బజారులో కొడితే ఖాతా కలిసిపోతుంది. ఇంకేమైనా సాయం కావాలా?"

ఏం సాయం కావాలి? చెయ్యగలిగితే ఆ కారుని ఆపు, అందామనుకుంది. "దీర్ఘాయుష్షు తల్లీ," అంది. "మీ నాయనమ్మని అడిగానని చెప్పు."

"ఆవిడ పోయి నాలుగేళ్ళయింది పెద్దమ్మా," అంది అమ్మాయి, అదే మెత్తని గొంతుతో, ఫోను పెట్టేసింది.

బురుల్చా పీట మీదే ఉండిపోయింది. ఇప్పుడు ఎర్ర కనుమ ఎక్కుతుంటారు. ఇప్పుడు దిగుతుంటారు. అక్కడ కొండ అడ్డం, ఫోన్లు పలకవు, దిగాక పలుకుతాయి. దిగగానే అంకెలు వస్తాయి, కొడుతుంది, పచ్చ గుర్తు పడుతుంది, ఆపండి అంటుంది, ఎసెన్ తిడతాడు, తిట్టనీ, సంచి దించుతాడు, నారిన్ నుంచి ఇటువైపు ఏదో ఒక బండి దొరక్కపోదు, చీకటి పడేలోపల గేటు చప్పుడవుతుంది. టీ నీళ్ళు పెట్టాలి. లేచి పెట్టింది. రెండు గిన్నెలు తీసింది. పాలు చూసింది, ఉన్నాయి. రొట్టె మీద గుడ్డ కప్పింది, కొరికిన వైపు చూడకుండా. నీళ్ళు మరిగాయి, పొయ్యి తగ్గించింది, మళ్ళీ మరిగాయి.

ఐదుకి పది నిమిషాలుండగా ఫోను మోగింది.

"అత్తమ్మా! పచ్చబడింది! కలిసిపోయింది, సోమవారానికల్లా డబ్బు పడుతుందని రాశారు!" వెనక కారు రొద, ఎవరిదో నవ్వు, పాట.

"ఎక్కడున్నావు?"

"నారిన్ వంతెన దాటుతున్నాం."

"మరి దిగు."

టైర్లు వంతెన మీద టపటపమన్నాయి, తర్వాత ఆ చప్పుడు మారింది, మామూలు రోడ్డు.

"దిగవే అమ్మాయ్."

"అత్తమ్మా..." గొంతు దగ్గరగా వచ్చింది, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంది. "ఇంత దూరం వచ్చేశాను. వీళ్ళకి విమానం టైమవుతోంది, ఆపరు. టికెట్టు కూడా... బొగ్గుకి డబ్బు వచ్చేస్తోంది కదా, ఇంక మీకు ఇబ్బంది ఉండదు. ఈ ఒక్క చలికాలం. వసంతంలో వచ్చేస్తాను, ఉన్ని కత్తిరింపుల వేళకి ఇక్కడుంటాను. సరేనా? అత్తమ్మా, సరేనా?"

"సరే," అంది బురుల్చా. ఆ మాట కష్టం లేకుండానే వచ్చింది.

"చెప్పారన్నమాట చివరికి. ఏం పేరు అత్తమ్మా?"

"నువ్వూ పలకకూడనిదే. నీకెందుకు?"

కుందుజ్ నవ్వింది, ఏడ్చింది కూడానేమో, కారు రొదలో తెలియలేదు. కొండ అడ్డొచ్చి ఫోను తెగిపోయింది.

డబ్బు చెప్పినట్టే సోమవారం పడింది. బొగ్గు బుధవారం వచ్చింది. కుందుజ్ ఆ వసంతంలో రాలేదు, ఆ తర్వాతి వసంతంలోనూ రాలేదు, ఉన్ని కత్తిరింపులకి రాలేదు, బురుల్చా బతికుండగా రాలేదు. ఆమె వెళ్ళింది 2023 అక్టోబరు పన్నెండో తారీఖు, గురువారం, సాయంత్రం నాలుగుంబావుకి.